ఒత్తిడి పెరిగితే మూత్రం తొందర: తిరిగి అదుపులోకి తెచ్చుకునే క్రమం

పరీక్షకో ఇంటర్వ్యూకో బయలుదేరే ముందు మూత్రం మళ్లీ మళ్లీ వచ్చినట్లనిపించడం, తీరా వెళ్తే కొద్దిగానే రావడం, ఇంట్లో గొడవ జరిగిన వారంలో రాత్రిళ్లు మూడు నాలుగుసార్లు లేవాల్సి రావడం... వీటి గురించి పాఠకులు తరచూ అడుగుతున్నారు. పరీక్షల్లో ఏ లోపమూ కనిపించలేదని తెలిశాక తాము ఏం చేయాలో ఎవరూ విడమరిచి చెప్పలేదన్నదే వారిలో చాలామంది బాధ. ఆ చేయాల్సిన పనులను వరుసగా ఇక్కడ ఇస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది మీరు ఊహించుకుంటున్న సమస్య కాదు. ఒత్తిడిలో మూత్రాశయం నుంచి కబురు నిజంగానే ముందుగా, గట్టిగా అందుతుంది. అయితే ఆ కబురు వచ్చిన ప్రతిసారీ పరుగెత్తితే అది ఇంకా బలపడుతుంది. కింద చెప్పిన పనులన్నీ ఒకే నేర్పు కోసం: తొందర బాగా ఎక్కువగా ఉన్న క్షణంలో కదలకుండా ఆగడం, అది తగ్గాక నింపాదిగా వెళ్లడం.

1. లోపల జరిగేది ఏమిటి

పెద్దవారి మూత్రాశయం సాధారణంగా 300 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పట్టుకుంటుంది. 150-200 మిల్లీలీటర్లు చేరేసరికి మొదటి కబురు వస్తుంది. అది వెళ్లి తీరాలన్న ఆజ్ఞ కాదు, నిండుతోందన్న సమాచారం మాత్రమే. మెదడు ముందు భాగం ఆ కబురును పక్కన పెడుతుంది, మూత్రాశయ కండరం వదులుగా సాగుతూ మరికొంత పట్టుకుంటుంది.

ఆందోళనలో ఈ పక్కన పెట్టే శక్తి తగ్గుతుంది. మెదడు అప్రమత్తమై గుండె దడను, కడుపులో కదలికను, మూత్రాశయం సాగడాన్ని ఉన్నదానికంటే పెద్దగా గమనిస్తుంది. దాంతో కాస్త మూత్రం చేరినా పూర్తిగా నిండినట్లుంటుంది.

రెండో మార్పు కటి కింది కండరాల్లో వస్తుంది. భయపడినప్పుడు దవడ, భుజాలు బిగుసుకున్నట్లే మూత్రాశయాన్ని కింది నుంచి మోసే ఈ కండరాలూ బిగుసుకుంటాయి. అవి చాలాసేపు అలాగే ఉంటే ఎప్పుడూ తొందరగా ఉన్నట్లనిపిస్తుంది. వెళ్లి కూర్చున్నాక కూడా అవి పూర్తిగా వదులు కావు, ధార ఆగి ఆగి వస్తుంది. ఒకే రకమైన ఒత్తిడి ఒకరిని పదిసార్లు పరుగెత్తిస్తే, ఇంకొకరికి ఎంతసేపు కూర్చున్నా మూత్రం రాకుండా చేయడానికి ఇదొక కారణం.

2. ఒత్తిడే కారణమని ముందే తేల్చేసుకోవద్దు

ఈ మెట్టు దాటవేసి సాధన మొదలుపెట్టడం ప్రమాదకరం. మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, పురుషుల్లో ప్రోస్టేట్ వాపు, మూత్రాశయంలో రాయి ఇవే లక్షణాలతో రావచ్చు. ఒత్తిడిలో ఉన్న మనిషికి ఇన్ఫెక్షన్ రాదన్న నియమమేదీ లేదు.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టరును కలవండి:

- మూత్రంలో రక్తం, ఒక్కసారి కనిపించినా, నొప్పి లేకపోయినా
- మంట, దుర్వాసన, జ్వరం, నడుము పక్క భాగంలో నొప్పి
- విపరీతమైన దాహం, కారణం లేకుండా బరువు తగ్గడం
- మూత్రాశయం నిండేకొద్దీ పెరిగి, వెళ్లాక తగ్గే నొప్పి
- ధార సన్నబడటం, ముక్కితే గానీ రాకపోవడం
- గర్భం
- కొత్త మందు మొదలుపెట్టిన తర్వాత వచ్చిన మార్పు

ఇక ఈ రెండూ అత్యవసరం, గంటలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో ఉండకూడదు. మొదటిది: పొత్తికడుపు నిండి నొప్పిగా ఉన్నా చుక్క కూడా రాకపోవడం. రెండోది: మూత్ర సమస్యతో పాటు తొడల లోపలి వైపు, మలద్వారం చుట్టూ తిమ్మిరి, కాళ్లలో బలహీనత, మలం ఆపుకోలేకపోవడం. వెన్ను దిగువన నరాలు నొక్కుకుపోతే ఇలా జరుగుతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రమాద లక్షణాలు లేకపోయినా కనీసం మూత్ర పరీక్ష, రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి. మూత్రం పూర్తిగా ఖాళీ కావడం లేదనిపిస్తే, వెళ్లి వచ్చాక లోపల ఎంత మిగిలిందో చూసే అల్ట్రాసౌండ్ స్కాన్ గురించి అడగండి. ఇవి బాగున్నాయని తెలిస్తే సాధన మధ్యలో "లోపల ఇంకేదో ఉందేమో" అన్న అనుమానం మిమ్మల్ని వెనక్కి లాగదు.

3. మూడు రోజుల లెక్క రాయండి

ఇది విసుగు పుట్టించే పనే. అయినా దీన్ని వదిలేస్తే మిగతావన్నీ చీకట్లో చేసినట్లే. వరుసగా మూడు రోజులు రాయండి. వాటిలో ఒకటి సెలవు రోజు, ఒకటి ఒత్తిడి ఉండే రోజు అయితే మంచిది.

కావాల్సినవి: కొలత గీతలున్న ప్లాస్టిక్ పాత్ర, నోటు పుస్తకం, పెన్ను.

వెళ్లిన ప్రతిసారీ రాయాల్సినవి:

- సమయం
- ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది
- తొందర స్థాయి: 0 అంటే లేదు, 1 స్వల్పం, 2 ఓ మోస్తరు, 3 గట్టిగా ఉంది కానీ ఆపుకోగలిగాను, 4 చేరేలోపే కారింది
- దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగింది (ఫోను వచ్చింది, గొడవ, ఇంటి తాళం తీస్తున్నాను, ఏమీ లేదు)
- మధ్యలో ఏం తాగారు, ఎంత

నాలుగో అంశాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. అసలు ఆధారం దొరికేది అక్కడే. ఇంటి తాళం తీస్తుండగా, కుళాయి నీటి చప్పుడు వినగానే, ఒకానొకరి పేరు ఫోనులో కనబడగానే తొందర వస్తోందంటే, మూత్రాశయం నిండినందువల్ల కాదు, అలవాటుపడిన సూచనకు అది స్పందిస్తోందని అర్థం.

మూడు రోజులయ్యాక లెక్కను ఇలా చదవండి.

పగలు ఎనిమిదిసార్ల కంటే ఎక్కువగా వెళ్తూ, ప్రతిసారీ 100-150 మిల్లీలీటర్లే వస్తుంటే ఈ మార్గదర్శి మీకు సరిగ్గా సరిపోతుంది. ఉదయం లేవగానే వచ్చిన కొలత కూడా చూడండి. పగలంతా 100 వచ్చి, తెల్లవారి 350 వస్తే మీ మూత్రాశయం చిన్నదైపోలేదు, నిద్రలో అది హాయిగానే సాగుతోంది. ఆ అంకె చుట్టూ గీత గీసి పెట్టుకోండి. ధైర్యం సడలినప్పుడు మీకు మీరు చూపించుకోవాల్సిన రుజువు అదే.

ప్రతిసారీ 300కు పైగా వస్తూ, రోజు మొత్తం 3 లీటర్లకు దగ్గరవుతుంటే మీరు ఎక్కువ తాగుతున్నారు, లేదా చక్కెర పరీక్ష మళ్లీ చూసుకోవాలి. ఆపుకునే సాధన మీకు పనికిరాదు.

4. మొదటి వారం: తాగేవి, మలబద్ధకం సరిచేయడం

తొందరకు భయపడి నీళ్లు మానేయడం అందరికీ తట్టే ఉపాయం. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, అది మూత్రాశయం లోపలి పొరను రేపుతుంది, మలబద్ధకం తెస్తుంది. సాధారణ వాతావరణంలో చాలామంది పెద్దలకు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలు సరిపోతాయి. ఎండలో పనిచేసేవారికి ఇంకా కావాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. ఒకేసారి అర లీటరు తాగేయకుండా రోజంతా పరచండి.

కాఫీ, టీ, కోలాల్లోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, మూత్రాశయాన్ని రేపుతుంది, పైగా ఆందోళననూ పెంచుతుంది. ఒత్తిడి రోజుల్లోనే ఇవి ఎక్కువ తాగుతాం కాబట్టి దెబ్బ రెండింతలు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది. రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గిస్తూ, రోజుకు ఒక కప్పు దగ్గర ఆగి రెండు వారాలు గమనించండి.

మద్యం, గ్యాస్ పానీయాలు, కృత్రిమ తీపి, పుల్లని పండ్ల రసాలు కొందరిని ఇబ్బంది పెడతాయి, కొందరిని అసలు తాకవు. అన్నీ ఒకేసారి మానేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. ఒక్కొక్కటీ వారం పాటు మాని చూడండి.

మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నిండిన పెద్దపేగు మూత్రాశయం వెనకే ఉంటుంది, దాన్ని నొక్కుతుంది. పీచు, నీళ్లు, నడక పెంచినా తీరకపోతే దానికే విడిగా చికిత్స తీసుకోండి.

5. రెండో వారం: వదులు చేయడం, తర్వాతే బిగించడం

మూత్ర సమస్య అనగానే కటి కండరాలు బిగించే వ్యాయామం చేయమని ఎవరో ఒకరు చెబుతారు. దగ్గితే, తుమ్మితే కారేవారికి అది మంచిదే. ఒత్తిడితో అప్పటికే బిగుసుకున్న కండరాలున్నవారు రోజుకు వందసార్లు బిగిస్తే తొందర పెరగవచ్చు, నొప్పి కూడా రావచ్చు. కాబట్టి వదులు చేయడం ముందు నేర్చుకోండి.

1) వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడవండి. ఒక చేయి పొట్టపై పెట్టండి.

2) నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి. పొట్ట పైకి లేవాలి. అదే సమయంలో మలద్వారం, మూత్రద్వారం చుట్టూ ఉన్న భాగం కిందికి, వెడల్పుగా పరుచుకుంటున్నట్లు వదలండి. ముక్కకూడదు.

3) ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతాయి.

4) ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. తల తిరిగితే గాలి లోతు తగ్గించండి.

కింది భాగం కదులుతోందో లేదో మొదట్లో తెలియదు. దవడ వదిలి, పళ్ల మధ్య సందు ఉంచి చేస్తే త్వరగా తెలుస్తుంది. పగలు ఫోను ఎత్తే ముందు ఒకసారి పొట్ట, పిరుదులు బిగించి ఉన్నాయేమో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

వదులు చేయడం చేతికొచ్చాక, అవే కండరాలను గ్యాస్ ఆపుకుంటున్నట్లు ఒక్క క్షణం బిగించి పూర్తిగా వదలడం నేర్చుకోండి. మూత్రం పోస్తుండగా మధ్యలో ఆపి సాధన చేయవద్దు. అది ఖాళీ అయ్యే క్రమాన్ని చెడగొడుతుంది.

6. తొందర వచ్చిన క్షణంలో చేయాల్సినవి

తొందర అలలా వస్తుంది: లేస్తుంది, ఎత్తుకు చేరుతుంది, దిగుతుంది. పరుగెత్తేవారు ఎప్పుడూ అది ఎత్తులో ఉండగానే కదులుతారు. నడుస్తున్నప్పుడు పొత్తికడుపుపై ఒత్తిడి పడుతుంది, భయం పెరుగుతుంది, తలుపు దగ్గరే కారిపోతుంది.

వరుస ఇది:

- ఆగండి. కుర్చీ ఉంటే గట్టిగా ఉన్న అంచుపై కూర్చోండి, లేకపోతే ఉన్నచోటే నిలబడండి.
- కటి కండరాలను ఐదారుసార్లు చకచకా బిగించి వదలండి. మూత్రాశయ కండరాన్ని శాంతపరిచే సంకేతం దీనివల్ల వెళ్తుంది. బిగిస్తే నొప్పి వచ్చేవారు ఇది వదిలేసి మునివేళ్ల మీద లేచి దిగండి.
- మూడు నాలుగు నెమ్మది శ్వాసలు, వదిలే ఊపిరి పొడవుగా.
- మెదడుకు పని ఇవ్వండి: 100 నుంచి ఏడేడు తగ్గిస్తూ లెక్కపెట్టండి.
- తొందర 3 నుంచి 1కి దిగాక నిర్ణయించుకోండి. వేళ అయితే నడిచి వెళ్లండి. కాకపోతే పనిలో పడండి.

దారిలో మళ్లీ లేస్తే మళ్లీ ఆగండి. చుక్క కారినా ఇది చేతకాలేదని వదిలేయవద్దు. మొదటి వారాల్లో పలుచని ప్యాడ్ పెట్టుకుంటే సాధనకు ధైర్యం వస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

ఈ క్రమాన్ని మొదట ఇంట్లో, ప్రశాంతంగా ఉన్న వేళ, తొందర 2 దగ్గర ఉండగా నేర్చుకోండి. ఇంటర్వ్యూ గది బయట మొదటిసారి ప్రయత్నిస్తే ఎవరికైనా విఫలమవుతుంది.

7. మూడో వారం నుంచి: వ్యవధి పెంచడం

మీ మూడు రోజుల లెక్కలో రెండు విసర్జనల మధ్య సగటు వ్యవధి చూడండి. అది గంట అయితే గంటతోనే మొదలుపెట్టండి. పెద్ద అంకె పెట్టుకొని రెండో రోజే ఓడిపోవడం కంటే ఇదే మేలు.

ఆ వ్యవధి ప్రకారం, తొందర ఉన్నా లేకపోయినా గడియారం చూసి వెళ్లండి. మధ్యలో తొందర వస్తే ఆరో భాగంలోని వరుస పాటించండి. వారం పాటు ఎక్కువ రోజులు నెగ్గగలిగితే 15 నిమిషాలు పెంచండి. నెగ్గలేకపోతే అదే వ్యవధి ఇంకో వారం. చేరాల్సిన చోటు మూడు నుంచి నాలుగు గంటలు. అంతకు మించి ఆపుకోవడం గొప్ప కాదు. నిద్రవేళకు ఈ పట్టిక వర్తించదు.

మార్పు కనబడటానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో ఒత్తిడి వారం వచ్చి లెక్క వెనక్కి వెళ్తే, వ్యవధిని ఒక మెట్టు దించి కొనసాగించండి. మొదటికి రావాల్సిన పనిలేదు.

వెళ్లినప్పుడు తొందరపడి లేచేయకండి. పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, కాస్త ముందుకు వంగి కూర్చోండి. శుభ్రత భయంతో సీటు మీద కూర్చోకుండా గాల్లో వంగి నిలబడితే కటి కండరాలు వదులు కావు. ధార ఆగాక అర నిమిషం ఆగి, ఇంకా ఉందేమో చూసి లేవండి.

8. "ఎందుకైనా మంచిది" అని వెళ్లే అలవాటును తగ్గించడం

ఇల్లు దాటే ముందు ఒకసారి, చేరగానే ఒకసారి, సమావేశానికి ముందు రెండుసార్లు... ఇలా తొందర లేకుండా ముందుజాగ్రత్తగా వెళ్లడమే ఈ సమస్యను ఎక్కువగా పెంచి పోషిస్తుందని నా అభిప్రాయం. ప్రతిసారీ 80 మిల్లీలీటర్లకే ఖాళీ చేస్తే మూత్రాశయం ఆ కొలతకే అలవాటుపడుతుంది. పైగా "వెళ్లాను కాబట్టే గట్టెక్కాను" అని మనసు నమ్ముతుంది.

మీరు తప్పించుకుంటున్న సందర్భాలు రాసి, ఒక్కొక్కదానికి భయం ఎంతో 0 నుంచి 10 వరకు అంకె వేయండి. 3 లేదా 4 వచ్చినదానితో మొదలుపెట్టండి. ఉదాహరణకు, ముందుగా వెళ్లకుండా ఇరవై నిమిషాల నడక. అది రెండు మూడుసార్లు మామూలైపోయాక తర్వాతిది.

ముఖ్యమైన రోజు కోసం చిన్న పట్టిక:

- ఉదయం నుంచి కెఫీన్ వద్దు, నీళ్లు మామూలుగానే
- బయలుదేరే ముందు ఒక్కసారి
- పిలుపుకు పావుగంట ముందు ఒక్కసారి, అంతే
- ఆ తర్వాత వచ్చే తొందరకు శ్వాస, లెక్క
- మరుగుదొడ్డి ఎక్కడుందో ఒకసారి చూసుకోవచ్చు, పక్కనే కాపలా కూర్చోవద్దు

9. రాత్రి మెలకువలు

మూత్రం వల్ల మెలకువ వచ్చిందా, మెలకువ వచ్చాక మూత్రం గుర్తొచ్చిందా? కొలతే చెబుతుంది. లేచిన ప్రతిసారీ 100 లోపు వస్తుంటే నిద్ర ముందు చెదిరిందని అనుకోవచ్చు. అప్పుడు వెంటనే లేవకుండా పడుకొనే పది నెమ్మది శ్వాసలు తీసుకోండి. చాలాసార్లు నిద్ర పట్టేస్తుంది. ప్రతిసారీ 300 వస్తుంటే, కాళ్లలో వాపు, గట్టి గురక ఉంటే డాక్టరుకు చెప్పండి.

పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి ద్రవాలు తగ్గించండి.

10. నలుగురిలో మూత్రం రానివారికి

పక్కన మనిషి ఉన్నాడన్న ఆందోళనలో ద్వారం దగ్గరి కండరం బిగుసుకుపోతుంది. ముక్కితే ఇంకా బిగుస్తుంది. నమ్మకమైన వ్యక్తిని మొదట దూరంగా, తర్వాత క్రమంగా దగ్గరగా నిలబెట్టి సాధన చేయడం మంచి పద్ధతి. సాధన రోజున కొంచెం నీళ్లు ఎక్కువ తాగితే మొదలవడం సులువు. రెండు మూడు నిమిషాల్లో రాకపోతే బయటికి వచ్చి, కాసేపయ్యాక మళ్లీ వెళ్లండి.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

తగ్గింది కదా అని మూడో వారంలోనే ఆపేయడం అన్నింటికంటే ఎక్కువ. వ్యవధి మూడు గంటలకు చేరాక కూడా ఇంకో నెల కొనసాగించండి.

పాత కాగితంతో పోల్చుకోకుండా మనసుకు తోచినదాన్ని బట్టి తీర్పు చెప్పుకోవడం రెండోది. నాలుగు వారాలకోసారి మళ్లీ మూడు రోజుల లెక్క రాసి మొదటిదాని పక్కన పెట్టి చూడండి.

ఆందోళనకో నిద్రకో వాడుతున్న మందు కారణమనుకొని సొంతంగా మానేయడం ప్రమాదం. కొన్ని మందులు మూత్రంపై ప్రభావం చూపుతాయన్నది నిజమే. మార్చాల్సింది వాటిని రాసిన డాక్టరు.

పిల్లల విషయం వేరు. బడి మారాక, ఇంట్లో కలతల తర్వాత పక్క తడిపే పిల్లల్ని తిట్టవద్దు, శిక్షించవద్దు. పైన చెప్పిన ఆపుకునే సాధన వారితో చేయించవద్దు. పిల్లల డాక్టరుకు చూపించండి.

12. పన్నెండు వారాల తర్వాత కూడా మారకపోతే

యూరాలజిస్టును, లేదా కటి కండరాల చికిత్సలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టును కలవండి. కండరాలు బిగుసుకున్నాయా, బలహీనపడ్డాయా అన్నది పరీక్షించి చెప్పగలిగేది వీరే. మూత్రాశయాన్ని శాంతపరిచే మందులున్నాయి. సాలిఫెనాసిన్, టాల్టెరోడిన్ వంటివి నోరు ఎండిపోవడం, మలబద్ధకం తేవచ్చు, వృద్ధుల్లో జ్ఞాపకశక్తిపైనా ప్రభావం ఉండవచ్చు. మిరాబెగ్రాన్ రక్తపోటును పెంచవచ్చు. ఏది సరిపోతుందో మీ ఇతర జబ్బులను బట్టి తేలుతుంది.

రోజులో ఎక్కువ భాగం ఆందోళనలోనే గడుస్తుంటే, నిద్ర, తిండి దెబ్బతింటే మూత్రాశయంతో పాటు ఆ ఆందోళనకూ చికిత్స కావాలి. ఆలోచన, ప్రవర్తనల తీరును మార్చే మానసిక చికిత్సను ఈ సాధనతో కలిపి చేయవచ్చు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సినవి:

- మొదటి, చివరి మూడు రోజుల లెక్కలు
- వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, ఎప్పటినుంచి
- పాత మూత్ర, చక్కెర పరీక్షల నివేదికలు
- సమస్య మొదలైన నెలలో జీవితంలో ఏం మారిందో రెండు వాక్యాల్లో రాసిన కాగితం